పిట్టల లెక్కకు మనుషుల్ని తయారు చేయడం ఎలా: ఒక చెరువు, పదిమంది, ఆరు ఆదివారాలు

మొదటిసారి ఈ పనికి దిగినప్పుడు నేనూ అందరూ చేసేదే చేశాను. ఒక హాలు మాట్లాడి, ప్రొజెక్టర్ పెట్టి, నూట ఇరవై పక్షుల ఫొటోలు వరసగా చూపించాను. నలభై మంది వచ్చారు. సమోసా తిన్నారు, టీ తాగారు, గ్రూప్ ఫొటో దిగారు. మూడో వారానికి చెరువు కట్ట మీద నాతోపాటు ముగ్గురు మిగిలారు. అందులో ఒకాయన మామూలుగా పొద్దున వాకింగ్‌కి వచ్చేవాడే.

ఆ నలభై మందికీ నేను పేర్లు నేర్పబోయాను. పేర్లు పుస్తకంలో ఉంటాయి, ఇప్పుడు ఫోన్‌లోనూ ఉంటాయి. నేర్పాల్సింది వేరే ఉంది: కనపడ్డది కనపడ్డట్టు రాయడం, తెలియనిచోట 'తెలియదు' అని రాయడం, వచ్చే నెల మళ్లీ అదే చోటికి రావడం. ఈ మూడూ వచ్చినవాళ్లు పదిమంది ఉంటే ఒక చెరువుకు చాలు. కింద రాసిందంతా ఆ పదిమందిని ఎలా తయారు చేసుకోవాలన్నదే.

దీనివల్ల ఏం ఒరుగుతుందని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతుల గురించి చెప్పింది. అందులో 178 జాతుల మీద వెంటనే దృష్టి పెట్టాలంది. దానికి ఆధారం ముప్పై వేల మందికి పైగా పక్షి పరిశీలకులు ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో, యాప్‌లో రాసిన సుమారు మూడు కోట్ల నమోదులు. వాటిలో ఎక్కువ భాగం సెలవు రోజు పొద్దున్నే లేచి, నోట్‌బుక్ పట్టుకుని వెళ్లినవాళ్లు రాసినవే.

ముందు చెరువు, తర్వాతే మనుషులు

నేలపట్టు, కొల్లేరు, ఉప్పలపాడు అన్నీ మంచి చోట్లే. చివర్లో ఒకసారి విహారానికి తీసుకెళ్లండి. శిక్షణ మాత్రం ఊరిచెరువు దగ్గరే జరగాలి. బస్సెక్కి వెళ్లాల్సిన చోటికి ఎవరూ నెలనెలా వెళ్లరు. చుట్టూ నడవడానికి గంట పట్టే చెరువు అయితే బాగుంటుంది. కొంత లోతు నీళ్లు, కొంత బురద, ఒక పక్క జమ్ము, గట్టున నాలుగు తుమ్మచెట్లు ఉంటే ఇంకేం కావాలి.

నిలబడే చోటు ముందే చూసుకోండి. పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. అంటే చెరువుకు తూర్పు గట్టున నిలబడి పడమర వైపు చూడాలి. ఎదురెండలో పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా కనపడతాయి, కొత్తవాళ్లు మొదటి రోజే విసిగిపోతారు. ఇంత చిన్న విషయం నాకు తట్టడానికి రెండు బ్యాచ్‌లు పట్టింది.

తర్వాత ఆ చెరువు మీద బతికేవాళ్లతో మాట్లాడండి. చేపల సొసైటీ వాళ్లకు, గట్టు కింద రైతులకు, గొర్రెలు తోలుకొచ్చేవాళ్లకు మీరెవరో, ఎందుకొస్తున్నారో చెప్పాలి. లేకపోతే బైనాక్యులర్స్ పట్టుకున్న మనుషుల్ని చూసి సర్వేకి వచ్చారనో, భూమి కొనేవాళ్లనో అనుకుంటారు. అటవీశాఖ పరిధిలో ఉన్న చోటైతే రేంజ్ ఆఫీసుకు ఉత్తరం ఇచ్చి, అనుమతి కాగితం తీసుకుని, దాన్ని జేబులో పెట్టుకోండి.

చెరువు మీద బతికేవాళ్లతో మాట్లాడేటప్పుడే ఇంకో పని కూడా చేయండి. ఏ పిట్టను ఏమంటారో, ఎప్పుడొస్తుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో వాళ్లను అడిగి రాసుకోండి. కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. జెర్డాన్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1848లో శాస్త్రానికి పరిచయం చేసిన పిట్ట అది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. మీ చెరువు దగ్గరా ఒక ఐతన్న ఉంటాడు. ఆయన్ని బృందంలోకి తీసుకోండి. ఫారం నింపడం రాకపోతే ఇంకొకరు నింపుతారు.

ఎవరిని పిలవాలి

ఒక మాట ముందే. ఆంధ్రలో ప్రభుత్వ వాలంటీర్లు ఇంటింటికీ పింఛన్లు పంచిన రోజుల్లో 'వాలంటీర్లు కావాలి' అని పోస్టర్ వేస్తే పింఛను గురించి అడిగేవాళ్లు వచ్చేవాళ్లు. నాకు ఇద్దరు వచ్చారు, ఒకామె ఆధార్ జిరాక్స్ కూడా తెచ్చింది. 'చెరువు మీద పిట్టల లెక్క, పొద్దున ఆరింటికి' అని రాస్తే పనికొచ్చేవాళ్లు వస్తారు.

నేర్పేవాళ్లు ఇద్దరుంటే నేర్చుకునేవాళ్లు పది, పన్నెండు మంది మించకూడదు. బడి మాస్టారు ఒకరు, చేపలు పట్టేవాళ్లు ఒకరిద్దరు, ఇంటర్, డిగ్రీ పిల్లలు నలుగురు, రిటైరైన వాళ్లు ఇద్దరు, ఇంట్లో పనయ్యాక రాగలిగే ఆడవాళ్లు కొందరు ఉంటే సరైన కలయిక. ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చేలా చూడండి, వాళ్ల ఇంట్లోవాళ్లతో మీరే ఒకసారి మాట్లాడండి, దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కోండి. ఇవి పట్టించుకోని బృందాల్లో నెల తిరిగేసరికి మగవాళ్లే మిగులుతారు.

'మీకు ప్రకృతి అంటే ఇష్టమా' అని అడగకండి, అందరూ ఇష్టమే అంటారు. 'ఆరు ఆదివారాలు పొద్దున ఆరింటికి రాగలరా' అని అడగండి.

అమెరికాలో టెక్సాస్‌లో మాస్టర్ నేచురలిస్ట్ అనే కార్యక్రమం ఉంది. 40 గంటలు నేర్చుకుని, 40 గంటలు సేవ చేస్తేనే ఆ పేరు ఇస్తారు. డాలస్ వైపు ఉన్న మనవాళ్లు చేరదగ్గ పని. వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది ఆ లెక్కే: నేర్చుకున్నంత సేపు పనీ చేయాలి. సర్టిఫికెట్ ఆరో వారం ఇవ్వకండి, ఏడాది తిరిగాక ఇవ్వండి.

సామాను

పదిమందికి నాలుగు బైనాక్యులర్స్ చాలు. 8x42 అని రాసి ఉన్నవి కొనండి. అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లది, ఇరవై రెట్లది కొంటే ఇంకా బాగా కనపడుతుందని షాపువాడు అంటాడు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుందని చెప్పడు.

మొదటి పది నిమిషాలు దాన్ని వాడడమే నేర్పండి. ఎడమ కంటికి మధ్య చక్రం తిప్పి సరిచేయాలి, తర్వాత కుడి కంటికి దాని పక్కనున్న రింగు తిప్పాలి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. కొత్తవాళ్లు తల వంచి బైనాక్యులర్స్ చూసుకుని, తల ఎత్తి పిట్ట కోసం వెతుకుతారు, అప్పటికి పిట్ట ఎగిరిపోతుంది.

నోట్‌బుక్, పెన్సిల్ కావాలి. మంచుకు తడిస్తే పెన్ను రాత చెదిరిపోతుంది. మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్ల సీసా, గట్టు మీద గడ్డిలో నడవడానికి చీలమండ దాకా కప్పే బూట్లు ఉండాలి. పాములుంటాయి, చెప్పులతో రానివ్వకండి. కెమెరా తప్పనిసరి కాదు. నిజం చెప్పాలంటే మొదటి మూడు వారాలు కెమెరా వద్దనే చెప్తాను. కెమెరా చేతిలో ఉన్న మనిషి ఇంకో రెండడుగులు ముందుకు వేస్తాడు, బాతులన్నీ లేస్తాయి.

మొదటి రెండు ఆదివారాలు

మొదటి రోజు ఒక్క పేరూ చెప్పకండి. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో పిట్టను ఎంచుకుని బొమ్మ వేయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు. సైజు చెప్పడానికి కొలతలు మనకు ఉన్నాయి: పిచ్చుకంతా, గోరువంకంతా, కాకంతా, గద్దంతా? ముక్కు పొడుగా, పొట్టిదా, వంకరా? కాళ్ల రంగేమిటి? ఏం చేస్తోంది: మునుగుతోందా, నడుస్తోందా, కదలకుండా నిలబడిందా? ఇవి రాయడం వస్తే పేరు సాయంత్రం పుస్తకంలో వెతుక్కోవచ్చు. ఇవి రాయకపోతే సాయంత్రానికి గుర్తుండేది 'ఏదో గోధుమరంగు పిట్ట' అనే.

రెండో వారం పన్నెండు పేర్లు: కాకి, గోరువంక, పికిలిపిట్ట, జెముడుకాకి, పాలపిట్ట, లకుముకి, తీతువు, నీటికాకి, బుడుబుంగ, నత్తగుల్లకొంగ, బొల్లికోడి, గుడ్డికొంగ. ఊరు మారితే పేరు మారుతుంది. బొల్లికోడి అంటే మా బృందంలో నల్లగా ఉండి నుదుట తెల్లమచ్చ ఉన్నదని అర్థం. చేపలవాళ్లలో ఒకాయన నీలంగా ఉండే పెద్దదాన్ని కూడా అదే పేరుతో పిలిచేవాడు. ఆయన్ని సరిదిద్దడం మన పని కాదు. రెండు పేర్లూ ఒక పట్టికలో రాసి, పక్కన ఈబర్డ్‌లో వాడే ఇంగ్లిష్ పేరు తెలుగు లిపిలో రాసుకోండి.

గుడ్డికొంగ దగ్గర కాసేపు ఆగండి. కూర్చున్నప్పుడు బురదలో బురదలా ఉంటుంది, కాళ్ల దగ్గర ఉన్నా కనపడదు. ఎగిరిందంటే రెక్కలు పాలలా తెల్లగా ఉంటాయి. కూర్చున్నది ఒకటి, ఎగిరింది ఒక తెల్లకొంగ అని రెండుగా రాసే కొత్తవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అందరినీ నిలబెట్టి, అది ఎగిరి మళ్లీ వాలేదాకా చూపించండి. ఈ ఒక్క పాఠంతో వాళ్లకు తమ కళ్ల మీద కొంచెం అనుమానం పుడుతుంది. మనక్కావలసింది అదే.

మూడో ఆదివారం: తెల్లకొంగలు

మీరు నేర్పే వాటిలో ఇది కష్టమైన రోజు, తొందరపడకండి. ఊళ్లో అందరికీ ఒకటే తెల్లకొంగ. చెరువులో మాత్రం నాలుగు రకాలు.

పశువుల వెంట తిరిగేది పొట్టిగా ఉంటుంది, ముక్కు పసుపు, మెడ కురచ. వేసవిలో జత కట్టే కాలంలో తలా మెడా నారింజరంగుకు తిరుగుతాయి. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు, పసుపు మేజోళ్లు తొడుక్కున్నట్టు. అది బురదలోంచి కాలు ఎత్తేదాకా ఓపిక పట్టాలి. పెద్ద తెల్లకొంగ నారాయణపక్షి (బూడిదరంగు పెద్ద కొంగ) అంత ఎత్తుంటుంది, మెడ మధ్యలో మడత పడినట్టుంటుంది, నోటి చీలిక గీత కంటి వెనక దాకా పోతుంది. మధ్యరకం కొంగకు ఆ గీత కంటి కిందే ఆగిపోతుంది. ఈ చివరి రెండింటినీ దూరం నుంచి విడదీయడం నాకూ చాలాసార్లు కుదరదు.

అందుకే ఆ రోజు వాళ్లకు ఇంకో గడి ఇవ్వండి: 'తెల్లకొంగ, ఏదో తెలియదు'. ఈబర్డ్‌లో కూడా ఇలా జాతి తేలని వాటికి చోటుంది. ఆ గడి ఖాళీగా తెచ్చినవాడిని మెచ్చుకోకండి, ఎలా తేల్చావని అడగండి. ఆ గడిలో సగం కొంగలు వేసుకొచ్చిన అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకోండి. నా మొదటి బ్యాచ్‌లో ఒకబ్బాయి చెరువు అవతలి గట్టున ఉన్న తెల్లటివన్నీ చూసి, మధ్యరకం కొంగలు మూడొందలని రాశాడు. నేనూ సంతోషంగా ఎక్కించేశాను. రెండు రోజులకు ఈబర్డ్‌లో సమీక్ష చూసే ఒక స్వచ్ఛంద సేవకుడి నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది: 'అంత దూరం నుంచి ఎలా గుర్తుపట్టారో చెప్పగలరా?' చెప్పలేకపోయాం. అలాంటి మెయిల్ వస్తే అవమానం అనుకోవద్దని ఇప్పుడు ముందే చెప్తాను.

నాలుగో ఆదివారం: లెక్క

దీనికి చెరువు అక్కర్లేదు, ఒక స్టీలు పళ్లెం, అరకేజీ శనగలు చాలు. గుప్పెడు శనగలు పళ్లెంలో చల్లి, ఐదు సెకన్లు చూపించి గుడ్డ కప్పండి. ఎన్నున్నాయో ఎవరికి వాళ్లు రాయాలి. తర్వాత కలిసి లెక్కపెట్టాలి. ఇరవై దాకా దాదాపు అందరూ సరిగ్గానే చెప్తారు. నూరు దాటాక ఎక్కువమంది బాగా తక్కువ చెప్తారు. అప్పుడు ఒక మూల పది శనగలు లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంట్లో పెట్టుకుని, అలాంటి ముద్దలు ఎన్నున్నాయో చూడమనండి. నాలుగైదుసార్లు చేసేసరికి అంచనా దగ్గరికొస్తుంది. శనగలు తర్వాత ఉడకబెట్టుకుని తినొచ్చు, మా వాళ్లకు ఈ వారమంటేనే ఇష్టం.

చెరువు మీద లెక్కకు కొన్ని పద్ధతులు ఖాయంగా పెట్టుకోండి. ఎడమ నుంచి కుడికి చూడాలి, వెనక్కి రాకూడదు. ఒకసారికి ఒకే రకం: ముందు బొల్లికోళ్లు అన్నీ, తర్వాత బాతులు, తర్వాత కొంగలు. ఇద్దరిద్దరు జతగా ఉండాలి. చూసేవాళ్లు రాయకూడదు, రాసేవాళ్లు చూడకూడదు. మధ్యలో గద్ద వచ్చి అన్నీ లేస్తే పెన్సిల్ కింద పెట్టి, మళ్లీ వాలేదాకా ఆగి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొట్టివేసి కలిపిన లెక్క దేనికీ పనికిరాదు. సరిగ్గా తెలియకపోయినా అంకె వేయాలి. ఈబర్డ్‌లో అంకె బదులు ఇంటూ గుర్తు పెట్టే వీలుంది. కానీ ఇంటూ చెప్పేది పిట్ట ఉందన్న సంగతి ఒక్కటే. 'సుమారు 80' అంటే పదేళ్ల తర్వాత ఎవరో దాన్ని పోల్చి చూడగలరు.

ఐదు, ఆరు

ఐదో వారం ఫోన్. ఈబర్డ్ యాప్ దించుకోవడం, ఖాతా తెరవడం పిల్లలు పది నిమిషాల్లో పెద్దవాళ్లకు నేర్పేస్తారు. మీరు చూసుకోవాల్సినవి మూడే. లిస్టు కనీసం పదిహేను నిమిషాలది ఉండాలి. నడిచిన దూరం, పట్టిన సమయం నిజమైనవి ఉండాలి. చివర్లో అడిగే 'గుర్తుపట్టినవన్నీ రాశారా' అన్న ప్రశ్నకు అవునని చెప్పాలంటే కాకిని, గోరువంకను కూడా రాసి ఉండాలి. అందమైనవాటినే రాసి అవునని నొక్కితే ఆ చెరువులో కాకులు లేవని అర్థం. కూత విని పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్‌లు వాడుకోవచ్చు. అది చెప్పిందని రాయకూడదు, అది చెప్పాక మీరు విని, చూసి రాయాలి. సీతాకోకలు, తూనీగలు, మొక్కల వైపు మనసు పోయేవాళ్లకు ఐనాచురలిస్ట్ చూపించండి. అక్కడ ఫొటో పెడితే మిగతావాళ్లు పేరు తేలుస్తారు.

ఆరో వారం మీరు మాట్లాడకండి. రెండు జట్లుగా చేసి, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా ఒకే సమయంలో ఒకే చెరువును లెక్కపెట్టమనండి. తర్వాత చెట్టు కింద కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. బాతుల దగ్గర తేడా వస్తే ఎక్కడొచ్చిందో వాళ్లే వాదించుకుంటారు. ఆ వాదన నేర్పినంత మీరూ నేనూ నేర్పలేం.

చేయకూడనివి

గూళ్లున్న చెట్ల కిందికి వెళ్లకూడదు. పెద్దపక్షి లేచిపోతే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకులు కాచుకునే ఉంటాయి. గూళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు. అరుదైన పిట్ట కనపడితే చోటు పేరు బయటికి చెప్పకూడదు. పిట్టను రప్పించడానికి ఫోన్‌లో కూత వినిపించకూడదు. డ్రోన్ మాట ఎత్తినవాడికి టీ ఇచ్చి ఇంటికి పంపండి.

చేయాల్సిన పని ఒకటుంది. సంక్రాంతి అయిపోయిన మర్నాడు చెట్లకు, తుంగకు చిక్కుకున్న గాలిపటాల దారం ఏరండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. ఒక పూట ఏరితే గోనెసంచి నిండుతుంది.

క్యాలెండర్

అక్టోబరు చివర్లో మొదలుపెట్టండి. వలస బాతులు దిగడం అప్పటికి మొదలై ఉంటుంది, ఆరు ఆదివారాలు డిసెంబరు మొదటి వారాలకు అయిపోతాయి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది, మన దగ్గర 1987 నుంచి ఏటా జరుగుతోంది. మీ బృందానికి అదే మొదటి పరీక్ష. పండక్కి ఊరికొచ్చినవాళ్లను కూడా కట్ట మీదికి లాక్కురండి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, బడి పిల్లలకు అది బాగుంటుంది. ఆ తర్వాత నెలకొక ఆదివారం.

మనుషులు నిలవాలంటే లెక్క వాళ్లకు తిరిగి కనపడాలి. చెరువు దగ్గర టీకొట్టు గోడకు ఒక నల్లబల్ల పెట్టించి, నెలనెలా తెలుగులో అంకెలు రాయించండి. చేపలవాళ్లు ఆగి చదువుతారు, తప్పులు పడతారు. ఏడాదికొకసారి ఒకే పేజీ పంచాయతీకి, చేపల సొసైటీకి, అటవీశాఖకు ఇవ్వండి. ఏ తేదీన ఎన్ని చూశామో అదే రాయండి, ఆరోపణలు వేరే కాగితంలో. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం గుర్తింపు వచ్చింది. అలాంటిది మీ చెరువుకూ అడగాలనుకుంటే, అడిగేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఈ పేజీలే.

మే నెలలో చెరువు ఎండిపోతుంది. 'ఏముందని సార్ వెళ్లడం' అంటారు. ఆ నెల కూడా పొద్దున ఆరింటికే వెళ్లి, అదే చోట నిలబడి, అంతే సేపు చూసి రాయించండి. పోయిన మేలో మా బృందంలోని ఇంటర్ అమ్మాయి రాసిన కాగితం ఇలా ఉంది: తీతువు 4, కాకి 11, పశువుల తెల్లకొంగ 6, గోరువంక 9, తెలియనిది 1, బాతులు లేవు, నీళ్లు తూము దగ్గర గుంటలో మాత్రమే.